నందలూరులో తాత ఇల్లు, పక్కనే రైలు దారి

వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ రాజంపేటలో ఎక్కువసేపు ఆగదు. పై బెర్తు మీంచి బ్యాగు లాక్కుని, కింద చెప్పులు వెతుక్కుని తలుపు దగ్గరికి వచ్చేలోపు బండి కదిలిపోతుందేమోనని నాకు చిన్నప్పట్నుంచీ భయం. అందుకే చెయ్యేరు వంతెన మీద చక్రాల చప్పుడు మారగానే లేచి నిలబడతాను. గూగుల్ మ్యాప్ అక్కర్లేదు. నిద్రలో ఉన్నా ఆ చప్పుడు తెలుస్తుంది.

మీరెప్పుడైనా మా ఊరికి టికెట్ బుక్ చేసుకోవాలంటే ఒక చిట్కా. యాప్‌లో రాజంపేటను ‘జె’ అక్షరంతో వెతికితే చిక్కదు. రైల్వేవాళ్ల స్పెల్లింగులో ‘జెడ్’ ఉంటుంది. ఎందుకో నాకు తెలీదు. కాలేజీలో చేరిన కొత్తలో మా ఊరికి అసలు రైలే లేదనుకున్న ఫ్రెండ్స్ నాకు ఇద్దరున్నారు.

ఈసారి పండక్కి రాలేదు. ఒక పని మీద వచ్చాను. నందలూరులో మా తాత ఒక్కడే ఉంటున్నాడు. వయసు ఎనభై దాటింది. అవ్వ పోయి మూడేళ్లు. ఆ ఇల్లు అమ్మేసి తాతను రాజంపేటకి, మామ దగ్గరికి తెచ్చుకోవాలని ఇంట్లో అందరూ అనుకున్నారు. కొనేవాళ్లు కూడా దొరికారు. మామ చెబితే తాత వినడు, అమ్మ చెబితే ఏడుస్తాడు. ‘నువ్వు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ చేస్తాండావు గదా, నీ మాట వింటాడు’ అని నన్ను పిలిపించారు. సాఫ్ట్‌వేర్‌కీ ఇల్లు అమ్మడానికీ సంబంధం ఏంటని అడగలేదు. మా ఇంట్లో వైఫై పోయినా, వియ్యాలవారు అలిగినా నాకే ఫోన్ వస్తుంది.

నీళ్లుండే ఊరు

రాజంపేట నుంచి నందలూరు పది కిలోమీటర్ల పైచిలుకు. మామ బండి మీద బయల్దేరాం. కడప రోడ్డులో తాళ్లపాక దగ్గర 108 అడుగుల అన్నమయ్య విగ్రహం కనబడుతుంది. టూరిస్టులు అక్కడ ఆగి సెల్ఫీ తీసుకుంటారు. కాస్త ఓపికున్నవాళ్లు నందలూరు సౌమ్యనాథస్వామి గుడికి వెళతారు. చోళుల కాలం గుడి, చూసి తీరాల్సింది. కానీ ఆ గుడికి వచ్చినవాళ్లలో రైల్వే స్టేషన్ వైపు తిరిగేవాళ్లు దాదాపు ఉండరు.

తిరిగితే ఏం కనబడుతుందంటే... కంపచెట్లు. వాటి మధ్య పాత గోడలు. కప్పులు కూలిన రైల్వే క్వార్టర్లు. ఒకప్పుడు ఇక్కడ పెద్ద ఆవిరి ఇంజిన్ల షెడ్డు ఉండేది. లోకో షెడ్ అనే అంటారు అందరూ. నందలూరు అంటే షెడ్, షెడ్ అంటే నందలూరు. మా తాత ఇందులో కళాసీగా చేరి ఫైర్‌మన్ అయ్యాడు.

షెడ్డు ఇక్కడే ఎందుకు పెట్టారో తెలియాలంటే ఈ లైను కథ కొంచెం తెలియాలి. మద్రాసు రైల్వే కంపెనీ అరక్కోణం నుంచి వాయవ్యంగా ఒక లైను వేస్తూ వచ్చింది. 1862లో రేణిగుంట చేరింది. తర్వాత కోడూరు, రాజంపేట, నందలూరు, కడప, గుత్తి మీదుగా పోయి 1871లో రాయచూరులో బొంబాయి వైపు నుంచి వచ్చిన లైనును కలిసింది. అంటే మద్రాసు–బొంబాయి దారి. మన ఊళ్ల మీదుగా పోయేది ఏదో పల్లెటూరి లైను కాదు, దేశంలోని పెద్ద దారుల్లో ఒకటి.

ఇప్పుడు ఆవిరి ఇంజిన్ సంగతి. సినిమాల్లో చూసి దానికి బొగ్గే తిండి అనుకుంటాం. నిజానికి దానికి బొగ్గు కంటే నీళ్ల దాహం ఎక్కువ. వంద, నూట యాభై కిలోమీటర్లు లాగేసరికి అలసిపోతుంది. నీళ్లు పట్టాలి, బొగ్గు నింపాలి, బూడిద తీయాలి, గొట్టాలు కడగాలి, ఇంజిన్ మార్చాలి, డ్రైవర్‌ని మార్చాలి. ఇదంతా చేయడానికి దారి పొడవునా ఒక్కో చోట ఒక్కో షెడ్డు కావాలి. రాయలసీమలో రైలు దారి పక్కన అన్ని నీళ్లు ఎక్కడుంటాయి? చెయ్యేటి ఒడ్డున ఉంటాయి. ఇసుక తవ్వితే ఊట. అందుకని నందలూరు.

తాత మాటల్లో చెప్పాలంటే: ‘రాత్రీ పగులూ తేడా తెలిసేది కాదు నాయనా. మూడు షిఫ్టులు. షెడ్డు కూత ఏస్తేనే ఊరు లేస్తాది, కూత ఏస్తేనే సంగటి పొయ్యి మీదికి ఎక్కుతాది. గోడలకు సున్నం కొడితే వారానికి నల్లగయితాది. మీ అవ్వ తిట్టని దినం లేదు.’

తాళం ఎవరు వేశారు?

తర్వాత డీజిల్ వచ్చింది. డీజిల్ ఇంజిన్‌కి నందలూరు అవసరం లేదు. గుంతకల్లులో ఎక్కిన ఇంజిన్ నీళ్లు తాగకుండా, ఊపిరి తీసుకోకుండా మద్రాసు దాకా పోగలదు. దాన్ని బాగుచేసే షెడ్డు గుత్తిలో ఉంటే చాలు. 1990ల మధ్యకొచ్చేసరికి దేశం మొత్తం మీద బ్రాడ్‌గేజ్ లైన్లలో ఆవిరి ఇంజిన్ల కాలమే అయిపోయింది. నందలూరులో అంతకంటే ముందే అయిపోయింది. తాతను డీజిల్ అసిస్టెంట్‌గా ట్రైనింగ్ ఇచ్చి గుత్తికి పంపారు. ఇల్లు మాత్రం నందలూరులోనే ఉంచుకున్నాడు. వారానికోసారి వచ్చేవాడు.

నేను ఇంజినీరింగ్ బుర్రతో అడిగాను. ‘తాతా, షెడ్డు ఏ రోజు మూసినారు? ఆ రోజు ఏం చేసినారు మీరంతా?’

తాత నా వైపు వింతగా చూశాడు. ‘ఎవురు మూసినారురా? ఎవురూ మూయలా. ముందు పది ఇంజిన్లు వస్తా ఉండె. ఆమైన ఆరు. ఆమైన రెండు. ఒకనాడు ఒగటీ రాలా. మరసనాడు వస్తాదేమో అని చూస్తిమి. తాళం ఏసేదానికి గూడా ఎవురూ రాలా.’

ఈ మాట విన్నాక నేను కాసేపు మాట్లాడలేదు. ఎందుకంటే పోయిన సంవత్సరం నేను చేసిన పని సరిగ్గా ఇదే. మా ఆఫీసులో ఒక పాత సర్వీస్ ఉండేది. పదేళ్ల కిందట ఎవరో రాసిన కోడ్. దాన్ని తీసేసే పని నాకు అప్పజెప్పారు. ఒక్కసారిగా స్విచ్ ఆపేయరు. కొత్త సర్వీస్ మీదికి పది శాతం ట్రాఫిక్ మళ్లిస్తాం. ఏమీ కాకపోతే ముప్పై, తర్వాత డెబ్బై. గ్రాఫ్ సున్నాకి చేరాక నెల రోజులు చూస్తాం. ఎవరూ అడగకపోతే డిలీట్. ఆ పాత సర్వీస్‌ని చూసుకునే టీమ్‌లో నలుగురుండేవాళ్లు. వాళ్లకు ‘మీ పని అయిపోయింది’ అని ఏ రోజూ ఎవరూ చెప్పలేదు. మీటింగులు తగ్గాయి, అంతే. ఆ డాక్యుమెంట్ రాసింది నేనే. మంచి రేటింగ్ కూడా వచ్చింది.

అమెరికాలో పీకేసిన దారి

ఆ రాత్రి తాత ఇంట్లో మంచం మీద పడుకుని ఫోన్‌లో చదవడం మొదలుపెట్టాను. ఒక పెద్ద రైలు దారి ఎలా చచ్చిపోతుంది? చిన్న బ్రాంచి లైను మూతపడటం అర్థమవుతుంది. వందల కిలోమీటర్ల మెయిన్ లైను, ఒకప్పుడు రోజూ గూడ్స్ బళ్లు నడిచిన దారిని ఎవరైనా ఎందుకు వదిలేస్తారు?

దీనికి అమెరికా అంత మంచి ఉదాహరణ ఇంకోటి లేదు. మిల్వాకీ రోడ్ అని ఒక రైలు కంపెనీ ఉండేది. అది పసిఫిక్ సముద్రం దాకా, సియాటిల్ వైపు రెండు వేల కిలోమీటర్లకు పైగా కొత్త లైను వేసి 1909లో పూర్తిచేసింది. కొండల్లో వెయ్యి కిలోమీటర్లకు పైగా కరెంటు తీగలు కూడా లాగింది. వందేళ్ల కిందట! మనకి రేణిగుంట–గుంతకల్లు మధ్య కరెంటు ఇంజిన్లు వచ్చింది మొన్న మొన్న.

కానీ అప్పటికే ఆ దిక్కున వేరే రెండు కంపెనీల లైన్లున్నాయి. మంచి ఊళ్లన్నీ వాటి మీదే. మిల్వాకీ దారిలో జనమూ తక్కువ, సరుకూ తక్కువ. 1970లో ఆ పోటీ కంపెనీలు రెండూ కలిసిపోయి ఒక్కటయ్యాయి. ఇక మిల్వాకీకి ఊపిరి ఆడలేదు. కరెంటు తీగలను 1974లో వదిలేశారు, అది కూడా డీజిల్ ధర మండిపోతున్న కాలంలో. కంపెనీ 1977లో దివాలా తీసింది. 1980లో పడమటి భాగాన్ని మూసేసి పట్టాలు పీకేశారు. ఇప్పుడు ఆ సొరంగాల్లో కొన్నింటిలో జనం సైకిల్ తొక్కుతున్నారు, టికెట్ కొనుక్కుని.

నాకు ఆసక్తిగా అనిపించింది ఆ మధ్య జరిగినదే. రైలు దారికి ఒక చెడ్డ గుణం ఉంది. దాని మీద రోజుకి ఒక బండి పోయినా, ఇరవై పోయినా వంతెనలు చూసుకోవాలి, స్లీపర్లు మార్చాలి, వర్షానికి కొట్టుకుపోయిన కంకర పోయాలి. ఖర్చు పెద్దగా తగ్గదు, ఆదాయం మాత్రం బండికి బండి తగ్గుతుంది. అప్పుడు యాజమాన్యం ఏం చేస్తుంది? ‘ఈ ఏడాదికి రిపేర్లు ఆపుదాం’ అంటుంది. రిపేర్లు ఆపితే పట్టాలు పాడై వేగం తగ్గించాలి. గంటకి ఎనభై పోయే బండి ముప్పైలో పోతుంది. సరుకు లేటవుతుంది. లేటైతే వ్యాపారి లారీకి మళ్లుతాడు. సరుకు ఇంకా తగ్గుతుంది. మళ్లీ రిపేర్లు ఆపుతారు. ఈ సుడిగుండంలోకి దిగిన లైను పైకి వచ్చేది చాలా అరుదు. చివర్లో లెక్కలవాళ్లు వచ్చి ‘చూడండి, ఈ లైనులో సరుకే లేదు’ అంటారు. లేకుండా చేసిందెవరు అన్న కాలమ్ ఆ ఎక్సెల్ షీట్‌లో ఉండదు.

ఇంకో రకం చావు కూడా ఉంది. ఒకే కంపెనీ చేతికి రెండు దారులు రావడం. కొలరాడోలో టెనెసీ పాస్ అని మూడు వేల మీటర్లకు పైన కొండ కనుమలోంచి పోయే లైను ఉంది. 1996లో యూనియన్ పసిఫిక్ కంపెనీ ఆ లైను ఉన్న పోటీ కంపెనీని కొనేసింది. కొన్నాక చూసుకుంటే ఒకే దిక్కుకి రెండు దారులు. ఒకటి ఎత్తు తక్కువ. ఇంకొకటి ఎక్కాలంటే వెనక నుంచి తోసే ఇంజిన్లు కావాలి. 1997లో కనుమ దారి మీద బళ్లు ఆపేశారు. పట్టాలు ఇంకా అలాగే ఉన్నాయి. తుప్పు పట్టి, మధ్యలో చెట్లు మొలిచి. అటు పీకరు, ఇటు నడపరు. రేపు అవసరం పడితే అన్న ఆశ ఒకటి, ఇంకెవరికైనా ఇస్తే పోటీ వస్తుందన్న భయం ఒకటి.

తాతకు ఆ ఫోటోలు చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. ‘పట్టా మంచిదేరా. ఎవురన్నా తుడిస్తే ఇప్పుడు గూడా పోతాది’ అన్నాడు.

మన దగ్గర దారి చావదు, ఊరు చస్తుంది

మన దేశంలో ఇలా ఎందుకు జరగలేదు? రైలు దారులన్నీ దాదాపు ఒకే యజమానివి కాబట్టి. పక్కపక్కనే పోటీ లైన్లు వేసుకున్న కంపెనీల గోల మనకి తక్కువ. పైగా మన లైన్ల మీద మనుషులు తిరుగుతారు. గూడ్స్ బళ్ల డబ్బుతో ప్యాసింజర్ టికెట్ చవగ్గా ఇవ్వడం మన రైల్వే చాలాకాలంగా చేస్తున్న పని. నష్టాల బ్రాంచి లైన్లను ఏం చేయాలో చూడమని 1969లోనే ఒక కమిటీ వేశారు. కానీ లైను మూస్తామంటే ఏ ఎమ్మెల్యే ఒప్పుకుంటాడు? అందుకే మూతలు కొన్నే.

రాయలసీమలో దారి మారిన చోట్లు మాత్రం ఉన్నాయి. నంద్యాల–గిద్దలూరు మధ్య నల్లమలలో దొరబావి వంతెన పేరు యూట్యూబ్‌లో వినే ఉంటారు. 1876–78 కరువు తర్వాత ఈ ప్రాంతానికి ధాన్యం చేరాలని వేసిన మీటర్‌గేజ్ లైన్లలో అదొకటి. బ్రాడ్‌గేజ్‌గా మార్చినప్పుడు దారి పక్కకి జరిపారు, పాత వంతెన స్తంభాలు అడవికి మిగిలాయి. పాకాల–ధర్మవరం లైనుకి మాత్రం అదృష్టం ఉంది. మీటర్‌గేజ్ పీకినా అదే దారిలో బ్రాడ్‌గేజ్ వేశారు. ఇక కడప–బెంగళూరు లైను పుట్టకముందే ఆగిన రకం. 2008–09లో మంజూరైంది, కడప నుంచి పెండ్లిమర్రి దాకా ఇరవై కిలోమీటర్ల పైచిలుకు వేశారు. ఆ తర్వాత కథ మీ పేపర్లో మీరే చదువుతున్నారు.

మన దగ్గర అసలు పోయింది లైన్లు కాదు. లైను పక్కన బతికినవి. నా చిన్నతనం దాకా కూడా చిన్న స్టేషన్ల పక్కన గూడ్స్ షెడ్ అనే బిల్డింగులు ఉండేవి. ఒకప్పుడు నాలుగు బుట్టల మామిడికాయలు ఇచ్చినా, ఒక్క వ్యాగను ఉల్లిగడ్డలు ఇచ్చినా తీసుకునేవాళ్లు. ఆ వ్యాగన్లను ఎక్కడికక్కడ విడదీసి, తగిలించి పంపడానికి యార్డుల్లో రోజులు పట్టేది. అది దండగని మెల్లిగా ఫుల్ రేక్ పద్ధతికి వచ్చారు. ఫుల్ రేక్ అంటే బొగ్గుకైతే 58, 59 వ్యాగన్లు. మూడున్నర వేల టన్నుల పైనే. అంత సరుకు ఒకేసారి ఒకే చోటికి పంపగలిగేది ఎవరు? సిమెంట్ ఫ్యాక్టరీ, కరెంటు ప్లాంటు, ఓడరేవు. కోడూరు అరటి రైతు కాదు. ఆయన లారీ ఎక్కాడు. రైల్వే వైపు నుంచి చూస్తే అది సరైన లెక్కే, వాదించలేను. కానీ 1950ల్లో దేశంలో సరుకులో ఎనభై శాతానికి పైగా రైలెక్కేది, ఇప్పుడు మూడో వంతు కూడా ఎక్కడం లేదంటే ఆ లెక్కలో ఎక్కడో ఏదో జారిపోయిందనే అనిపిస్తుంది.

ఓబులవారిపల్లె మలుపు

మర్నాడు మామ తన పని మీద ఓబులవారిపల్లె పోతుంటే నేనూ ఎక్కాను. రాజంపేట దాటి, పుల్లంపేట దాటి పోవాలి. అక్కడే మంగంపేట ముగ్గురాయి గనులు. ప్రపంచంలో ఒకే చోట ఇంత ముగ్గురాయి నిల్వ ఇంకెక్కడా లేదంటారు. తూకానికి ఇనుములా ఉంటుంది. చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో కలపడానికి విదేశాలకు పోతుంది. అరబ్బు దేశాల్లో చమురు బావికీ, కువైట్ పోయే మా కోడూరోళ్లకీ పోటీ అని మామ జోకు.

ఓబులవారిపల్లె స్టేషన్ దగ్గర పాత మెయిన్ లైను నుంచి తూర్పుకి ఒక కొత్త లైను చీలుతుంది. వెలిగొండలను చీల్చుకుని రాపూరు మీదుగా నెల్లూరు దగ్గరి వెంకటాచలం చేరుతుంది. అక్కడి నుంచి కృష్ణపట్నం ఓడరేవుకి దారి. పొడవు సుమారు 112 కిలోమీటర్లు. చెర్లోపల్లి, రాపూరుల మధ్య 6.6 కిలోమీటర్ల సొరంగం. 2019 సెప్టెంబర్ 1న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించినప్పుడు, కరెంటు లైనున్న సొరంగాల్లో దేశంలో అదే పొడవైనది. అంతకుముందు ఓడరేవుకి పోయే గూడ్స్ బండి రేణిగుంట, గూడూరు చుట్టూ తిరగాలి. అటు మొత్తం ట్రాఫిక్ జామ్.

అంటే ప్రపంచంలో కొన్ని చోట్ల రెండో దారిని పీకేస్తుంటే, మా ఊరి పక్కన కొండకి కన్నం పెట్టి మరీ రెండో దారి వేశారు. చూస్తే గర్వంగానే అనిపిస్తుంది. కానీ ఆ రాత్రి చదివిందంతా బుర్రలో తిరుగుతోంది. ఈ లైను ఊహించుకున్న రోజుల్లో ముఖ్యమైన సరుకు ఏంటి? బళ్లారి ఇనుప ఖనిజం. 2008లో ఓడరేవు మొదలైనప్పుడు చైనాకి ఖనిజం ఓడలకు ఓడలు పోయేది. 2010లో కర్ణాటక ఖనిజం ఎగుమతిని ఆపేసింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు బళ్లారి గనులనే ఆపింది. ఖనిజం కోసం అనుకున్న లైను ఖనిజం లేకుండానే పూర్తయింది. ఇప్పుడు బొగ్గూ, ఇతర సరుకుల మీద బతకాలి. ఒక్క కస్టమర్ మీద బతికే స్టార్టప్ లాంటిదే ఒక్క సరుకు మీద బతికే గూడ్స్ లైను కూడా. మిల్వాకీ కొండల్లో కూడా వేసిన రోజున అందరూ చప్పట్లే కొట్టి ఉంటారు.

ఇంకొకటి కూడా ఆలోచించాను. ఓబులవారిపల్లెలో గూడ్స్ బళ్లు తూర్పుకి మళ్లితే కోడూరు, శెట్టిగుంట, బాలపల్లె మీదుగా రేణిగుంటకి పోయే పాత దారి ఏమవుతుంది? ఏమీ కాదు. దాని మీద బొంబాయి, తిరుపతి రైళ్లున్నాయి. మనుషులుండే దారి చావదు. రాజంపేట అయితే చీలికకి ఇటువైపు ఉంది, రెండు దారుల బళ్లూ మా ఊరి మీంచే పోవాలి. ఇదంతా మామకి చెబితే ‘ఇంతకీ ఇల్లు అమ్మేది సంగతి ఏం జేసినావు?’ అన్నాడు.

పదకొండు మంది

సాయంత్రం నందలూరు వచ్చి తాత ముందు కూర్చున్నాను. ల్యాప్‌టాప్ తెరవలేదు కానీ మనసులో ప్రెజెంటేషన్ రెడీగా ఉంది. ఇంటికి పన్ను, కప్పు రిపేరు, కరెంటు బిల్లు. రాజంపేటలో సెంటు ధర ఎక్కడ, ఇక్కడ ఎక్కడ? షెడ్డు ఉన్న రోజుల్లో అద్దెకి ఇల్లు దొరకని ఊరిది. ఇప్పుడు ఇచ్చేవాళ్లే గానీ తీసుకునేవాళ్లు లేరు. షెడ్డు పోయాక ఇంకేదైనా రైల్వే ఫ్యాక్టరీ పెట్టమని ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. దాని కోసం ఎదురుచూస్తూ ఎంతకాలం? అన్నీ చెప్పాను. మధ్యలో ‘మెయింటెనెన్స్ కాస్ట్’ అని కూడా అన్నాను.

తాత అంతా విన్నాడు. బీడీ వెలిగించబోయి, నన్ను చూసి జేబులో పెట్టుకున్నాడు.

‘చెయ్యేరు వచ్చినప్పుడు నువ్వు యాడుండావు?’ అన్నాడు.

2021 నవంబర్ 19. నేను హైదరాబాదులో, వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఉన్నాను. తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు... ఆ ఊళ్ల పేర్లు టీవీలో స్క్రోల్ అవుతుంటే ఇంటికి ఫోన్లు కలవలేదు. రోజంతా ఒకే నంబర్‌కి కొడుతూ కూర్చున్నాను. పదుల సంఖ్యలో జనం పోయారు. నందలూరు–రాజంపేట మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, పట్టాలు గాల్లో వేలాడిన ఫోటో అందరికీ వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. నూట యాభై ఏళ్ల మద్రాసు–బొంబాయి దారి కొన్ని రోజులు తెగిపోయింది. బళ్లు రద్దయ్యాయి, కొన్నింటిని చుట్టూ మళ్లించారు. మామూలు రోజుల్లో ఎవరికీ పట్టని రెండో దారులు అలాంటి రోజునే గుర్తొస్తాయి. మా ఆఫీసు భాషలో దీన్ని బ్యాకప్ అంటాం. బ్యాకప్ సర్వర్‌కి నెలనెలా అద్దె కడుతున్నప్పుడు ప్రతి మేనేజరూ ‘ఇదెందుకు, తీసేద్దాం’ అనే అంటాడు. నేనూ అన్నాను ఒకసారి.

‘మీ చిన్నవ్వ వాళ్లిల్లు ఏట్లో పోయింది. గొడ్లు పోయినాయి. స్టేషను పక్క మిట్ట గాబట్టి ఈ ఇల్లు నిలబడింది. పదకొండు మంది ఈడ పండుకున్నారు, నెల్లాళ్లు. మీ అవ్వ లేవలేక లేవలేక వండి పెట్టింది. అప్పుడు గూడా మీ మామ దీన్ని అమ్మేద్దామనే అంటా ఉండె.’

మామ గోడ వైపు చూశాడు.

నా ప్రెజెంటేషన్‌లో ఆ పదకొండు మంది లేరు. ఏ కాలమ్‌లో రాయాలో కూడా తెలీదు. రాజంపేటకి మాతో వచ్చి ఉంటాడట తాత, అది ఒప్పుకున్నాడు. మోకాళ్లు నొప్పులు, ఒంటరిగా రాత్రుళ్లు భయం వేస్తోందని మొదటిసారి ఆయన నోటితోనే చెప్పాడు. ఇల్లు మాత్రం అమ్మేది లేదు. పక్క వీధిలో ట్రాక్ పని చేసే ఒక కుటుంబం అద్దెకి అడుగుతోంది. ‘బాడుగ ఇచ్చినా సరే, ఇవ్వకున్నా సరే. తలుపులు తీస్తా మూస్తా ఉంటే చాలు’ అన్నాడు. అడ్వాన్స్ ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నవాళ్లకి ఏం చెప్పాలో ఇప్పుడు మామ తలనొప్పి. నా మీద కోపంగానే ఉన్నాడు.

చీకటి పడ్డాక అరుగు మీద కూర్చున్నాం. రాజంపేట వైపు నుంచి గూడ్స్ వస్తోంది. ముందు భూమిలో వణుకు, తర్వాత ఇంజిన్ లైటు, తర్వాత వ్యాగన్లు. చిన్నప్పుడు నేనూ తాతా పోటీ పడి లెక్కపెట్టేవాళ్లం. బొగ్గు బండి. ఓడరేవు వైపు నుంచే వస్తుండాలి. వేళ్ల మీద లెక్కపెడుతూ చివరి పెట్టె పోయేదాకా చూశాను.

‘యాభై ఎనిమిది తాతా.’

‘తొమ్మిది’ అన్నాడు, అటువైపు చూడకుండానే. ‘మధ్యలో ఫోన్ చూసినావు.’